సుదీర్ఘ పరుగు: ఔత్సాహికుల సాధనాక్రమం

జనవరి మాసంలో మూడవ ఆదివారం నాడు, ఇంకా తెల్లవారకముందే, ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ పరిసరాలలో వేలాది జనం గుమిగూడుతారు. వారు రైలు ఎక్కడానికి వచ్చినవారు కారు. ఛాతీపై అంకెల చీటీలు తగిలించుకుని, చలికి చేతులు రుద్దుకుంటూ, తుపాకీ మ్రోత కోసం నిరీక్షిస్తూ ఉంటారు. 2004లో ప్రారంభమైన ముంబయి మారథాన్‌లో బహుమతి ధనం కోసం పరిగెత్తేవారు చాలా కొద్దిమంది. తక్కినవారంతా బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, గృహిణులు, వైద్యులు, దుకాణదారులు, పదవీ విరమణ చేసిన పెద్దలు. తమిళులు, పంజాబీలు, బెంగాలీలు, తెలుగువారు ఒకే వరుసలో నిలబడతారు. వీరిలో ఎవరూ గెలవబోరు. ఆ సంగతి వారికీ తెలుసు. 42.195 కిలోమీటర్ల దూరాన్ని తమ కాళ్ళతో ముగించగలగడమే వారి ధ్యేయం.

నిన్నటివరకు బస్సు కోసం పరిగెత్తినా రొప్పు వచ్చిన మనిషి ఇంత దూరం ఎలా పరిగెత్తగలుగుతాడు? దీనికి మంత్రమేదీ లేదు. ఒక క్రమం మాత్రం ఉన్నది. ఆ క్రమాన్ని ఉల్లంఘించినవారు మూల్యం చెల్లించుకుంటారు కనుక, దానిని గురించి తెలుసుకోవడం అవసరం.

ముందుగా దూరం సంగతి. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో మారథాన్ దూరం సుమారు 40 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన 42.195 కిలోమీటర్లను 1921లో ప్రమాణంగా స్థిరపరిచారు. ఆ నిర్ణయానికి ఒక ఏడాది ముందే, 1920 ఆంట్‌వర్ప్ ఒలింపిక్స్‌లో బెళగావి ప్రాంతానికి చెందిన ఫదెప్ప చౌగులే భారతదేశం తరపున మారథాన్ పరిగెత్తి 19వ స్థానం పొందాడు. తరువాతి కాలంలో బీహారుకు చెందిన సైనికుడు శివనాథ్ సింగ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 11వ స్థానంలో నిలిచాడు. పాదరక్షలు లేకుండా పరిగెత్తడానికే ఆయన అలవాటుపడినవాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలలో ఆయన ముగించిన పరుగు నాలుగు దశాబ్దాలకు పైగా జాతీయ రికార్డుగా నిలిచింది.

వీరందరూ అసామాన్యులు. సామాన్యుని కథ మరొకచోట మొదలవుతుంది. న్యూజీలాండ్ దేశంలో ఆక్లండ్ నగరాన ఆర్థర్ లిడియార్డ్ అనే ఒక చెప్పుల కర్మాగారపు ఉద్యోగి ఉండేవాడు. ఒకనాడు మిత్రునితో కలిసి అయిదు మైళ్ళు పరిగెత్తబోయి ఊపిరాడక ఇబ్బందిపడ్డాడు. తన వయస్సులో ఈ స్థితి ఏమిటని సిగ్గుపడి, తన శరీరాన్నే ప్రయోగశాలగా చేసుకున్నాడు. ఒక వారం తక్కువ, ఒక వారం ఎక్కువ, ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా పరిగెత్తి ఫలితాలు గమనించాడు. కొన్ని సంవత్సరాల తరువాత ఆయన చేరిన నిర్ణయం ఆనాటి శిక్షకులకు వింతగా తోచింది. కొద్ది దూరం పరిగెత్తేవాడైనా ముందు నెలల తరబడి నెమ్మదిగా, ఎక్కువ దూరాలు పరిగెత్తి పునాది వేసుకోవాలి, వేగం సంగతి ఆ తరువాత చూడాలి అన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, మర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలోను బంగారు పతకాలు గెలిచారు. బారీ మగీ మారథాన్‌లో కాంస్యం సాధించాడు. ఆక్లండ్ శివారు కొండదారులలో సుమారు 22 మైళ్ళ దూరాన్ని స్నెల్ కూడా తక్కినవారితో పాటు పరిగెత్తవలసి వచ్చేదంటే ఆ పద్ధతి స్వభావం బోధపడుతుంది.

ఈ విజయాల కన్న మన విషయానికి సంబంధించినది మరొకటున్నది. లిడియార్డ్ తన పద్ధతిని నడివయస్కులైన ఉద్యోగస్తులకు, హృద్రోగం నుండి కోలుకుంటున్నవారికి కూడా, కొలతలు తగ్గించి, నేర్పాడు. 1962 చివరలో ఆక్లండ్‌కు వచ్చిన అమెరికా శిక్షకుడు బిల్ బవర్‌మన్ ఈ వృద్ధులతో కలిసి పరిగెత్తి, వారి వెనుక పడిపోయి ఆశ్చర్యపోయాడు. స్వదేశానికి వెళ్ళి ఆయన 1967లో వెలువరించిన పుస్తకంతో ‘జాగింగ్’ అన్న మాట ప్రపంచమంతా పాకింది. 1970లో న్యూయార్క్ తొలి మారథాన్‌లో బయలుదేరినవారు 127 మంది, ముగించినవారు 55 మంది మాత్రమే. స్త్రీలను బోస్టన్ మారథాన్ నిర్వాహకులు 1972లో గాని అధికారికంగా అనుమతించలేదు. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ 1984లో గాని రాలేదు. స్త్రీల శరీరం ఇంత శ్రమకు ఓర్చదన్న అపోహ అంతకాలం రాజ్యమేలింది.

ఇక్కడ ఒక చిన్న ప్రసక్తి. హిందీ నుండి తెలుగులోనికి అనువదించడం వృత్తిగా గల ఈ వ్యాసకర్తకు ‘శౌకియా ధావక్’ అన్న మాట చాలాకాలం కొరుకుడు పడలేదు. ధావక్ అనగా పరిగెత్తేవాడు, అంతే. తెలుగులో ‘పరుగువీరుడు’ అంటే వీరత్వం వచ్చి చేరుతుంది, ‘పందెగాడు’ అంటే పందెం వచ్చి చేరుతుంది. చివరకు ‘ఔత్సాహికుడు’ అన్న మాటతో సరిపుచ్చుకున్నాను. అయితే ఆ మాటలోని ఉత్సాహమే ఇతని అసలు శత్రువని తరువాత అనుభవం మీద తెలిసింది.

అదెట్లాగో చూద్దాం. క్రొత్తగా పరుగు ప్రారంభించినవారి శరీరంలో మార్పులన్నీ ఒకేసారి రావు. మొదటి ఒకటి రెండు వారాలలోనే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. గుండె ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. కొన్ని వారాలకు కండరాలలో రక్తకేశనాళికలు విస్తరిస్తాయి. ప్రాణవాయువును వినియోగించి శక్తిని ఉత్పత్తి చేసే మైటోకాండ్రియాలు వృద్ధి చెందుతాయి. రెండు నెలలు గడిచేసరికి ఆయాసం తగ్గి, తాను ఎంతదూరమైనా పోగలనన్న ధీమా మనిషికి కలుగుతుంది. కాని కండరాన్ని ఎముకతో కలిపే స్నాయుబంధనాలు, ఎముకలు బలపడడానికి నెలలు పడుతుంది. ఎముక విషయంలో మరొక చిక్కున్నది. కొత్త భారం పడినప్పుడు ఎముక తనలోని పాత పదార్థాన్ని ముందుగా తొలగించి, తరువాత క్రొత్తది నింపుకుంటుంది. ఇల్లు బాగుచేసేటప్పుడు పాత గోడ కూల్చిన తరువాతనే కదా కొత్త గోడ లేచేది. ఆ నడుమ కొన్ని వారాలు ఎముక మునుపటికన్న బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే గుండె, ఊపిరితిత్తులు “ఇంకా పో” అంటుంటాయి.

ఈ వ్యాసకర్త పడిన పొరపాటూ ఇదే. మొదటిసారి ఆగకుండా పది కిలోమీటర్లు ముగించిన సంతోషంలో ఒక నెలలోనే వారపు దూరాన్ని రెట్టింపు చేయడం జరిగింది. మోకాలి దిగువన, కాలి ముందరి ఎముక వెంబడి వేలితో నొక్కితే ఒకేచోట ప్రాణం పోయేటంత నొప్పి. మొదట అది కండరాల నొప్పేనని రెండు వారాలు అలాగే పరిగెత్తాను. ఎముకపై సన్నని బీట ఏర్పడుతున్నదని వైద్యులు చెప్పిన తరువాత ఆరు వారాలు నడక తప్ప మరేమీ లేదు. కండరాల నొప్పి విశాలంగా వ్యాపించి, కదిలిన కొద్దీ సడలుతుంది. ఎముక నొప్పి ఒక బిందువు వద్ద నిలిచి, పరిగెత్తిన కొద్దీ పెరుగుతుంది. ఈ ఒక్క భేదం ముందుగా తెలిసి ఉంటే ఆరు వారాలు మిగిలేవి.

మరి దూరాన్ని ఎంత చొప్పున పెంచాలి? వారానికి పది శాతం మించకూడదన్న సూత్రం లోకంలో ప్రచారంలో ఉన్నది. నెదర్లాండ్స్‌లో అయిదువందలకు పైగా ఉన్న క్రొత్తవారిపై జరిపి 2008లో ప్రకటించిన పరిశీలనలో, ఈ సూత్రం ప్రకారం పదమూడు వారాలు మెల్లగా పెంచినవారికి, ఎనిమిది వారాలలో త్వరగా పెంచినవారికి గాయాలలో చెప్పుకోదగిన భేదం కనబడలేదు. రెండు పక్షాలలోనూ సుమారు అయిదుగురిలో ఒకరు గాయపడ్డారు. కనుక పది శాతమన్నది శిలాశాసనం కాదు. వారానికి పది కిలోమీటర్లు పరిగెత్తేవానికి ఒక కిలోమీటరు పెంచడం అతి జాగ్రత్త. అరవై పరిగెత్తేవానికి ఆరు పెంచడం కొన్నిసార్లు సాహసం. అయినప్పటికీ అంకెను పట్టుకుని వ్రేలాడడం కన్న, మూడు వారాలు పెంచి నాలుగవ వారం తగ్గించే పద్ధతి మేలని నా అభిప్రాయం. శరీరానికి లెక్కలు సరిచూసుకునే వ్యవధి ఆ నాలుగవ వారమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాదులో ప్రతి ఏటా ఆగస్టు మాసంలో మారథాన్ జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు నుండి వంతెనలు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి క్రీడాప్రాంగణం వైపు సాగే ఆ దారి సులభమైనది కాదు. అక్కడ 21.1 కిలోమీటర్ల అర్ధ మారథాన్ ముగించిన వ్యక్తి జనవరిలో ముంబయిలో పూర్తి దూరం పరిగెత్తదలచాడనుకుందాం. నడుమ ఉన్నవి సుమారు ఇరవై వారాలు. మొదటి రెండు వారాలు విశ్రాంతికి, తేలికపాటి పరుగుకు పోతాయి. ఆ తరువాత వారానికి నాలుగు రోజుల పరుగుతో 30 కిలోమీటర్ల వద్ద మొదలుపెట్టి, 33, 36 చేసి, నాలుగవ వారం 27కు దిగవచ్చు. తరువాతి విడత 36, 40, 43, మరల 32. ఇట్లా ఎక్కుతూ దిగుతూ డిసెంబరు చివరకు 55 నుండి 60 వరకు చేరుకుంటే సామాన్యునికి చాలును. ఆదివారపు దీర్ఘపరుగు 14 కిలోమీటర్లతో మొదలై, అదే విధంగా మెట్లు మెట్లుగా 30 లేక 32 వరకు పోతుంది. 42 కిలోమీటర్లను సాధనలో ముందే పరిగెత్తి చూడనక్కరలేదు. అంత పని చేస్తే కోలుకోవడానికి పట్టే కాలం దానివలన కలిగే లాభాన్ని మ్రింగివేస్తుంది.

ఎంత వేగంతో అన్నది తరువాతి ప్రశ్న. నూటికి ఎనభై వంతుల పరుగు, ప్రక్కవానితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగినంత నెమ్మదిగా ఉండవలెను. వాక్యం నడుమ ఊపిరి కోసం ఆగవలసి వస్తే వేగం ఎక్కువైనట్లే. ఈ నియమం వినడానికి సులభమే గాని ఆచరణలో ఇంతకన్న కష్టమైనది లేదు. ప్రక్కనుండి ఒక యువకుడు దూసుకుపోయేసరికి మన కాళ్ళు మన మాట వినవు. చాలామంది ఔత్సాహికుల వారం మొత్తం నెమ్మదీ కాని, వేగమూ కాని మధ్యస్థ పరుగుతో గడిచిపోతుంది. ఆ పరుగు వలన అలసట ఎక్కువ, ఫలం తక్కువ. వారానికి ఒకరోజు మాత్రం ఎగుడు దారిలోనో, గడియారం చూసుకుంటూనో కొంత వేగంగా పరిగెత్తడం మంచిది. వారంలో ఒకటి రెండుసార్లు గుంజీలు తీయడం, మునివేళ్ళపై లేచి దిగడం వంటి వ్యాయామాలు కాళ్ళకు బలమిస్తాయి.

ఇక ఆహారం. కిలోమీటరు పరుగుకు శరీర బరువులో కిలోకు సుమారు ఒక కిలోకాలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషికి పూర్తి మారథాన్‌కు దాదాపు 2500 కిలోకాలరీలు కావాలి. కండరాలలోను, కాలేయంలోను గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉండే పిండిపదార్థం సుమారు అర కిలో. దాని వలన లభించే శక్తి 2000 కిలోకాలరీలు. మిగిలినది కొవ్వు నుండి రావాలి. కొవ్వు నిలవలకు కొదవ లేదు గాని అది నెమ్మదిగా మండే కట్టె. వేగం పెరిగిన కొద్దీ శరీరం గ్లైకోజెన్‌ను దుబారా చేస్తుంది. అందుచేతనే మొదటి సగాన్ని ఉద్రేకంతో పరిగెత్తినవారికి 30, 32 కిలోమీటర్ల ప్రాంతంలో కాళ్ళు సీసం పోసినట్లు బిగుసుకుపోతాయి. ముంబయి పందెంలో తిరుగు ప్రయాణాన పెద్దర్ రోడ్డు ఎగుడు సరిగ్గా ఆ తరువాతనే ఎదురవుతుంది. ఆ ఎగుడు నిజానికి పెద్దది కాదు. ఉదయం వెళ్ళేటప్పుడు చాలామందికి అది గుర్తుకూడా ఉండదు.

నెమ్మదైన దీర్ఘపరుగుల వలన కొవ్వును వాడుకునే శక్తి పెరుగుతుంది. దానికి తోడు దారిలో గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలి. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. ఖర్జూరాలు, బెల్లపు పల్లీపట్టీ, ఉడికించిన బంగాళాదుంప కూడా పనికివస్తాయి. ఖరీదైన విదేశీ పొట్లాలు లేనంత మాత్రాన పరుగు ఆగదు. ఏదైనా సరే సాధనలో తిని చూడనిదానిని పందెం రోజున నోట పెట్టకూడదు. పరిగెత్తేటప్పుడు జీర్ణాశయానికి రక్తం తగ్గుతుంది. క్రొత్త పదార్థాన్ని అది సహించదు.

మన దేశంలో ఆహారం కన్న ముఖ్యమైనది ఎండ, నీరు. ఈ రెండు విషయాలలోనే ప్రాణహాని ఉన్నది. ఉష్ణానికి అలవాటుపడడానికి శరీరానికి పది నుండి పదునాలుగు రోజులు కావాలి. విశాఖ, చెన్నై, ముంబయి వంటి తీరనగరాలలో గాలిలోని తేమ వలన చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. హైదరాబాదు పొడిగాలిలో సాధన చేసినవారు అక్కడ తమ అలవాటు వేగాన్ని పట్టుబట్టకూడదు. మే మాసంలో దూరం పెంచే ప్రయత్నమే తగదు. పరిగెత్తే వ్యక్తి తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బగా భావించి వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లని నీటితోను, మంచుగడ్డలతోను చల్లబరచవలెను. వైద్యసహాయం కోసం కబురు పంపుతూనే ఈ పని మొదలుపెట్టాలి. ఆసుపత్రికి వెళ్ళిన తరువాత చూద్దామనుకుంటే ఆలస్యమవుతుంది.

దీనికి విరుద్ధమైన ప్రమాదం ఒకటున్నది, దానిని గురించి తెలిసినవారు తక్కువ. దాహం లేకున్నా ప్రతి నీటికేంద్రం వద్ద ఆగి త్రాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి, మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో ఒక యువతి ఈ కారణంగానే మరణించింది. అదే పందెంలో 488 మంది రక్తాన్ని పరీక్షించగా నూటికి 13 మందిలో సోడియం ఉండవలసిన స్థాయి కన్న తక్కువగా కనబడింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలోను, నాలుగు గంటలకు మించి పరిగెత్తినవారిలోను ఇది ఎక్కువ. అనగా ఇది విజేతల జబ్బు కాదు, మన ఔత్సాహికులదే. దాహం వేసినప్పుడు దాహం తీరేంత త్రాగడం సురక్షితమైన పద్ధతి. దీర్ఘపరుగుకు ముందు, తరువాత బరువు చూసుకుంటే ఎవరి చెమట ఎంతో వారికే తెలుస్తుంది. పరుగు తరువాత ఉప్పు వేసిన మజ్జిగకు సాటివచ్చే పానీయం నాకు ఇంకా కనబడలేదు.

పాఠశాల విద్యార్థులు ఈ వ్యాసం చదివి మారథాన్‌కు ఉబలాటపడవచ్చు. పూర్తి మారథాన్‌కు సాధారణంగా పద్దెనిమిదేళ్ళు నిండినవారినే అనుమతిస్తారు. 2006లో ఒడిశాలో నాలుగేళ్ళ బాలునిచేత పూరీ నుండి భువనేశ్వర్ వైపు దాదాపు 65 కిలోమీటర్లు పరిగెత్తించారు. బాలుడు చివరకు కుప్పకూలాడు. దేశమంతా మొదట చప్పట్లు కొట్టింది, తరువాత తల దించుకున్నది. ఆ బాలుని సుదూర పరుగులను ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది. ఎదిగే ఎముకలకు మూడు, అయిదు కిలోమీటర్లు, ఆటలు చాలును. పెద్దల సంగతి వేరు. జలంధర్ జిల్లా బియాస్ పిండ్‌లో పుట్టి, భార్యను, కుమారుని పోగొట్టుకున్న దుఃఖం నుండి తేరుకోవడానికి పరుగును ఆశ్రయించిన ఫౌజా సింగ్ 89వ ఏట 2000 లండన్ మారథాన్ ముగించాడు. 2011లో టొరంటోలో మరల పూర్తి దూరం పరిగెత్తినప్పుడు ఆయన వయస్సు పాస్‌పోర్టు ప్రకారం నూరు. జన్మపత్రం లేనందున గిన్నిస్ వారు దానిని గుర్తించలేదు. 2025 జులైలో స్వగ్రామం వద్ద రోడ్డు ప్రమాదంలో ఆయన కన్నుమూశాడు. ఆయనను ఆదర్శంగా తీసుకునేవారు నలభై దాటినా, కుటుంబంలో హృద్రోగమున్నా, ముందు వైద్యుని కలుసుకోవడం మంచిది. పరిగెత్తేటప్పుడు ఛాతీలో బరువు, దవడకో చేతికో ప్రాకే నొప్పి, కళ్ళు తిరగడం కనబడితే ఆ క్షణమే ఆగిపోవలెను. పతకం మరుసటి ఏడు కూడా ఇస్తారు.

పందానికి మూడు వారాల ముందు చివరి దీర్ఘపరుగు పూర్తికావాలి. తరువాత దూరాన్ని దాదాపు సగానికి తగ్గిస్తూ రావాలి. ఈ రోజులలో ఔత్సాహికునికి లేనిపోని అనుమానాలు కలుగుతాయి. కాలు లాగినట్లు, సాధన మరచిపోయినట్లు, ఒక్కసారి ముప్పై పరిగెత్తి చూసుకుంటే నిశ్చింతగా ఉంటుందన్నట్లు తోస్తుంది. చివరి రెండు వారాలలో కొత్త బలం చేరదు. చేరిన బలం నిలదొక్కుకోవడం, గ్లైకోజెన్ నిండడం, చిన్న గాయాలు మానడం మాత్రమే జరుగుతాయి. నిద్రకు మించిన సాధన అప్పుడు లేదు.

పందెం రోజున మొదటి పది కిలోమీటర్లు సిగ్గుపడేంత నెమ్మదిగా పోవడం ఉత్తమం. ముగించిన తరువాత వెంటనే కూలబడక కొంతసేపు నడవాలి. తొడల ముందరి కండరాలు మరునాడు, ఆ మరునాడు మరింత పట్టేస్తాయి. మెట్లు ఎక్కడం కన్న దిగడం కష్టమవుతుంది. ముంబయి నుండి ఆ రాత్రి రైలుకే హైదరాబాదు తిరిగి వచ్చేవారిలో అనుభవజ్ఞులను గుర్తించడం సులభం. వారు రెండు నెలల ముందుగానే క్రింది బెర్తు రిజర్వు చేయించుకుని ఉంటారు.